నోటి లెక్క, కాగితం లెక్క: వరంగల్ పల్లెల్లో పెద్దవాళ్ల నైపుణ్యాన్ని కొలిచిన అనుభవం

గీసుగొండ మండలంలో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. నలభై దాటిన అక్క. సర్వే ఫారంలో ఆమె వివరాల కింద అప్పటికే మూడు గళ్లు నింపేశాను: చదువు లేదు, శిక్షణ లేదు, కంప్యూటర్ రాదు. మూడూ ఆమె నోటితో చెప్పినవే. "నాకేమొత్తది చెల్లె, బడి మొకం సూడలే" అంటూ నవ్వింది. ఫారం మూసి, ఈసారి మిర్చి ఎట్లా అమ్మారని మాటవరసకు అడిగాను. ఎనుమాముల మార్కెట్‌కు ఏడు బస్తాలు తోలారట. 2 క్వింటాళ్ల 86 కిలోలు తూగింది, క్వింటాలు 15,000 పలికింది. మరి ఎంతొచ్చింది అన్నాను.

"రెండు క్వింటాళ్లు ముప్పై వేలాయె. యాభై కిలోలు ఏడువేల ఐదొందలు. ఇగ ముప్పై ఆరు కిలోలు ఐదువేల నాలుగొందలు. అంత కలిపి నలభై రెండువేల తొమ్మిదొందలు. అండ్లకెళ్లి హమాలీ, దడ్వాయి పైసలు పోంగ మిగిలింది చేతికొచ్చింది."

పప్పులో రాళ్లు ఏరుతూ చెప్పింది. (దడ్వాయి అంటే మార్కెట్‌లో తూకం వేసే మనిషి.) నేను ఫోన్ తీసి గుణించుకుంటే రూపాయి తేడా లేదు. నా ఫారంలో మాత్రం ఆమెకు ఏమీ రాదు.

ఆ సాయంత్రం మా బృందం ఫారాలన్నీ పక్కన పెట్టింది. తర్వాత మేం మార్చిందేమిటి, ఎందుకు మార్చాం, ఎక్కడ తప్పు చేశాం అన్నది రాస్తున్నాను. ఇళ్ల సర్వేలు చేసేవాళ్లకూ, శిక్షణ కేంద్రాలు నడిపేవాళ్లకూ పనికొస్తుందని నా నమ్మకం.

పని ఎట్లా వచ్చింది

కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు గీసుగొండ, సంగెం మండలాల్లో ఉంది. 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడి, కార్మికులు చెల్లాచెదురైన ఊరు వరంగల్. కొత్తవాడ నేత కుటుంబాలు సూరత్‌కు, భివండికి, షోలాపూర్‌కు వలసపోయిన ఊరు. ఇక్కడ మళ్లీ బట్టల ఫ్యాక్టరీ అంటే ఎంత ఆశ పుడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

పార్కు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే ఒక శిక్షణ కేంద్రం మమ్మల్ని పిలిచింది. వాళ్ల ఇబ్బంది సూటిగా ఉంది. చేరేటప్పుడు ఒక రాత పరీక్ష పెడుతున్నారు, చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. చేరినవాళ్లలో కొందరు రెండు వారాలకే మానేస్తున్నారు. "ఈ ఊళ్లలో నైపుణ్యం ఎంతుందో కొలిచి చెప్పండి" అన్నారు. నేను, డిగ్రీ చదివిన నలుగురు స్థానిక అమ్మాయిలు, మూడు ఊళ్లు, కొత్తవాడలో రెండు గల్లీలు. అదీ మా పని.

చేతిలో ఉన్న కొలబద్దలు

మొదట దేశంలో ఉన్న కొలతలే చూశాను. జనాభా లెక్కల్లో అక్షరాస్యత అంటే ఏడేళ్లు దాటిన మనిషి ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం. నిర్వచనం బాగుంది. కానీ చదివించి చూసేవాళ్లెవరూ లేరు. ఇంట్లో ఒకరు అందరి తరఫునా "వచ్చు", "రాదు" అంటే అదే లెక్క. నేను తిరిగిన ఇళ్లలో ఆ ఒక్కరు ఎక్కువగా మగమనిషే. "దానికేం రాదు మేడం" అని భార్య ముందే చెప్పేవాళ్లను ఎందరినో చూశాను. ఆమె లోపల సంఘం పుస్తకంలో పొదుపు రాసుకుంటూ ఉంటుంది.

2017 ఏప్రిల్‌లో మొదలైన శ్రామికశక్తి సర్వే, అదే పీఎల్‌ఎఫ్‌ఎస్, ఒక అడుగు ముందుకేసింది. వృత్తి శిక్షణ ఉందా అని అడగడంతో ఆగకుండా వంశపారంపర్యంగా వచ్చిందా, పనిలో నేర్చుకున్నారా, సొంతంగా నేర్చుకున్నారా అని కూడా అడుగుతుంది. కాగితం మీద మంచి ప్రశ్న. కొత్తవాడలో జంపఖానాలు నేసే పెద్దాయనను అదే ప్రశ్న అడిగితే "శిక్షణ ఏడిది బిడ్డా, మా నాయిన నేసిండు, నేను నేత్తున్న" అన్నాడు. గుచ్చి అడగని ఎన్యుమరేటర్, అంటే సర్వే చేసే మనిషి, అక్కడ "లేదు" అని రాసుకుని లేస్తుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా ఆ చేతుల్లోంచే వచ్చింది. నేసేవాళ్లకు నేత ఒక నైపుణ్యంగా కనిపించదు. అది వాళ్లకు బతుకు.

2020–21 నాటి జాతీయ నమూనా సర్వే 78వ విడతలో కంప్యూటర్ నైపుణ్యాల ప్రశ్నలున్నాయి. ఫైలు కాపీ చేయగలరా, మెయిల్‌కు ఫైలు జతచేసి పంపగలరా వగైరా. అదీ చెప్పిన మాటను రాసుకోవడమే. ఇలా అడిగినప్పుడు నైపుణ్యం కన్నా ముందు ధైర్యమో, సిగ్గో ఫారంలోకి ఎక్కుతుంది. ఇంటర్ చదివిన పిల్లగాడు అన్నిటికీ "వచ్చు" అంటాడు. బడి మానేసిన అక్క అన్నిటికీ "రాదు" అంటుంది.

మాట అడగకుండా పని చేయించి చూసే సర్వేల్లో పెద్దది పియాక్. ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి ఓఈసీడీ దాన్ని నడుపుతుంది. 16 నుంచి 65 ఏళ్ల వాళ్లను ఇంటి దగ్గరే కూర్చోబెట్టి చదువు, లెక్క, సమస్య తేల్చడం, ఈ మూడింట్లో పనులు ఇస్తారు. మొదటి విడత 2011–12లో 24 దేశాల్లో జరిగింది. 2022–23లో 31 దేశాలు, ప్రాంతాల్లో సుమారు 1,60,000 మందిని కొలిచి 2024 డిసెంబర్‌లో ఫలితాలు విడుదల చేశారు. భారతదేశం ఇందులో లేదు. ఓఈసీడీ దేశాల సగటున 18 శాతం పెద్దవాళ్లకు ఈ మూడింట్లో దేనిలోనూ అట్టడుగు స్థాయికి మించిన పట్టు లేదని అందులో తేలింది. బడులు ఎప్పటినుంచో గట్టిగా నడుస్తున్న దేశాల సంగతి అది. పట్టా ఉన్నంత మాత్రాన పని వచ్చినట్టు కాదని ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

పియాక్ పద్ధతిలో నాకు బాగా నచ్చినవి రెండు. గడియారం పెట్టి తొందర పెట్టరు. లెక్క పనులకు క్యాలిక్యులేటర్, స్కేలు చేతికిస్తారు, ఎందుకంటే పనిచోట అవి ఉంటాయి. ఇక ప్రపంచ బ్యాంకు 2012 ప్రాంతంలో మొదలుపెట్టిన స్టెప్ సర్వే శ్రీలంక, వియత్నాం, కెన్యా, ఘనా వంటి దేశాల్లో, ఎక్కువగా పట్టణాల్లో, జరిగింది. అది ఇంకో దారి చూపింది. "మీకు వచ్చా" అనే బదులు "మీ పనిలో ఎన్ని పేజీలు చదవాల్సి వస్తుంది, ఎంత బరువు ఎత్తుతారు" అని అడుగుతుంది. చేసే పని గురించి అడిగితే మనిషి సిగ్గుపడడు. ఈ చిట్కా మాకు చివరిదాకా అక్కరకొచ్చింది.

మొదటి విడతలో మేం చేసిన తప్పు

ఈ నమూనాలు చూసి ఉత్సాహంగా కొన్ని పనులు తయారుచేశాం. మందు సీసా మీది సూచన, ధరల గ్రాఫ్, ఉద్యోగ ప్రకటన. తెలుగు చేసింది నేనే. "రోజుకు గరిష్ఠంగా రెండు మాత్రలు" అని రాశాను. ఏడో తరగతి దాకా చదివిన ఒకమ్మాయి 'గరిష్ఠంగా' దగ్గర ఆగింది. ఆ ఠ వత్తు కూడబలుక్కుని చదివింది, అర్థం కాలేదు. "రెండుకు మించి వేసుకోవద్దు" అని నోటితో చెప్పగానే తలూపింది. అంటే నా ప్రశ్న ఆమె చదువును కొలవలేదు, పత్రికల తెలుగు ఆమెకు ఎంత తెలుసో కొలిచింది. ఆ వాక్యం రాసినందుకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇంకో తప్పు ఎవరిని కొలవాలన్న దగ్గర జరిగింది. పగలు వెళ్లాం. ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లనే కూర్చోబెట్టాం. అది పత్తి ఏరే కాలం. పనికి పోయేవాళ్లంతా చేలల్లో ఉన్నారు. పనిమంతుల నైపుణ్యం కొలవడానికి వచ్చి, పనికి పోనివాళ్లను కొలిచాం. రెండో విడతలో ముందుగా ఇంటి మనుషులందరి పేర్లూ రాసుకుని, చీటీ తీసి ఒకరిని ఎంచుకుని, ఆ మనిషి దొరికే వేళకే వెళ్లాం. పొద్దున ఆరింటికీ, రాత్రి ఎనిమిదింటికీ. ఒక్కో ఇంటికి మూడుసార్లు తిరిగిన రోజులున్నాయి.

మూడోది మా కూలి లెక్కలో ఉంది. అమ్మాయిలకు ఫారానికి ఇంత అని ఇస్తున్నాం. మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ ఫారం మీద రాయించేదాన్ని కాబట్టి దొరికింది: కొన్ని ఫారాలు అరగంటకు బదులు పది నిమిషాల్లో ముగిశాయి. ఎవరూ మోసం చేయలేదు. చీకటి పడుతోంది, బస్సు పోతుంది, ఆ అక్క "తొందరగ కానీయ్ బిడ్డా" అంటోంది. ఇది చిన్న బృందాల కష్టమే అనుకోవద్దు. పియాక్ రెండో విడతలో పోలాండ్‌లో చాలామంది జవాబులు మామూలుగా లేవనీ, ఆ ఫలితాలను జాగ్రత్తగా చూడాలనీ ఓఈసీడీయే చెప్పింది. మేం ఫారం కూలి తీసేసి రోజుకూలి పెట్టాం. ఫారాలు తగ్గాయి. వాటి మీద నాకు నమ్మకం పెరిగింది.

రెండు నిలువు గళ్లు

మిర్చి లెక్క చెప్పిన అక్క తర్వాత ఫారం రూపమే మారింది. ప్రతి పనినీ రెండుసార్లు ఇచ్చాం. ఒకసారి నోటితో, మాటల మధ్యలో. ఇంకోసారి కాగితం మీద, అదే లెక్క, అదే విషయం. ఫలితం రెండు వేర్వేరు గళ్లలో రాశాం, రెండింటినీ కలిపి ఒక్క మార్కు చేయలేదు. ఈ అనుభవంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే: మనిషికి వచ్చింది ఎంత, రానిది ఎంత అన్నదానికన్నా ఆ రెండు గళ్ల మధ్య దూరం శిక్షణకు ఎక్కువ పనికొస్తుంది.

ఇది మేం కనిపెట్టింది కాదు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధి బజారులో సరుకులమ్మే ఐదుగురు పిల్లల మీద జరిగిన అధ్యయనం 1985లో వచ్చింది. బజారులో, కొనేవాళ్ల ముందు వాళ్లు 98 శాతం లెక్కలు సరిగా చెప్పారు. అవే అంకెలను బడి లెక్కలుగా ఇస్తే 37 శాతమే సరిపోయాయి. తెలివి మారలేదు, అడిగిన తీరు మారింది.

మా దగ్గర అది ఎట్లా కనిపించిందో మిత్తి (వడ్డీ) లెక్క చెబుతుంది. "పదివేలు, నూటికి రెండు రూపాయల మిత్తి, ఆరు నెలలు. ఎంత కట్టాలె?" సంఘంలో తిరిగే ఏ అక్కయినా ఊపిరి తీసేలోపు చెప్పేస్తుంది: పన్నెండొందలు. అదే లెక్క కాగితం మీద "సంవత్సరానికి 24 శాతం వడ్డీ చొప్పున రూ. 10,000కు 6 నెలల వడ్డీ ఎంత?" అని ఉంటే మాట ఆగిపోయింది. ఒకావిడ చదివి, కాగితం నా చేతిలో పెట్టి, "ఇరవై నాలుగు రూపాయల మిత్తా? గంత మిత్తికి ఎవలు తెత్తరు?" అంది. ఆమె తెలివిగానే ఆలోచించింది. తన లోకంలో మిత్తి అంటే నెలకు, నూటికి. ఆ లోకంలో 24 అన్న అంకె అసాధ్యం కాబట్టి ప్రశ్నే తప్పని తేల్చింది. మార్కులు వేసేవాళ్ల దగ్గర అది సున్నా.

అయినా ఇక్కడ ఆగిపోయి "మన పల్లె ఆడవాళ్లకు అన్నీ వచ్చు" అని మురిసిపోతే వాళ్లకే నష్టం చేసినట్టు. బ్యాంకు కాగితం మీద ఏడాదికి 12 శాతం అని ఉంటే అది రూపాయి మిత్తి. ఆ సంగతి తెలియని మనిషి పన్నెండును చూసి భయపడి, రెండు రూపాయల మిత్తికి ఊళ్లో అప్పు చేస్తుంది. కాగితం రాకపోవడం వల్ల చేతిలోంచి డబ్బు పోతుంది. నోటి లెక్క ఎంత చురుకైనదైనా ఆ నష్టాన్ని ఆపలేదు.

టేపు దగ్గర ఇంకా విచిత్రం జరిగింది. గుడ్డముక్కను టేపు మీద సున్నా దగ్గర కాకుండా రెండో అంగుళం దగ్గర మొదలయ్యేట్టు పెట్టి, పొడవెంత అని అడిగాం. ఇంట్లో జాకెట్లు కుట్టే ఒకమ్మ తడుముకోకుండా రెండు తీసేసి చెప్పింది. "నా టేపు మొదలంత చినిగింది, ఎప్పటికి ఒకటి కాడికెళ్లే కొలుత్త" అంది. ఇంటర్ పాసైన ఆమె కోడలు చివర కనిపించిన అంకె చదివేసింది. పల్లె పిల్లల చదువును ఇళ్లకు వెళ్లి కొలిచే అసర్ సర్వే 2023లో 14–18 ఏళ్ల వాళ్ల మీద జరిగింది, అందులోనూ ఇదే కనిపించింది. స్కేలు సున్నా దగ్గర మొదలైతే 85 శాతం మంది దాకా సరిగా కొలిచారు, మొదలు జరిపితే 39 శాతమే. చినిగిన టేపు ఆ అత్తకు నేర్పిన పాఠం కోడలికి బడిలో దొరకలేదు.

తర్వాత టేపు తిప్పి సెంటీమీటర్ల వైపు ఇచ్చాం. ఈసారి అత్త ఆగింది. "ఈ దిక్కు నేనెన్నడు సూడలే." ఎగుమతి బట్టల కొలతలు చాలాసార్లు ఆ వైపునే ఉంటాయి. శిక్షణ కేంద్రం రాత పరీక్షలో ఆమె తప్పింది ఈ వైపు ప్రశ్న దగ్గరే. ఫలితంలో మాత్రం 'కొలతలు రావు' అని రాశారు.

కొన్ని పనుల్లో దూరం తిరగబడింది. గంటకు 45 పీసులు కుట్టాలి, 20 నిమిషాల్లో 12 అయ్యాయి, వెనకబడ్డామా లేదా? చదువుకున్న పిల్లలు కాగితం మీద చక్కగా చేశారు. మాటల్లో అడిగితే వాళ్లలో కొందరు తడబడ్డారు. పత్తి ఏరి కిలోల లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్లు "పదిహేను కావాలె గద, మూడు తక్కువున్నయి" అని వెంటనే అన్నారు. మిషన్ ముందు కూర్చున్న మనిషికి కావలసింది ఆ రెండో రకం. బండిల్ టికెట్, అంటే కత్తిరించిన ముక్కల కట్టకు ఉండే చీటీ, చదవడం దగ్గర మాత్రం చదువుకున్న పిల్లలదే పైచేయి. సైజు, రంగు, వరస సంఖ్య అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. అది చదవలేకపోతే చొక్కా తప్పుతుంది, ఫ్యాక్టరీ అడగడంలో అన్యాయమేమీ లేదు.

శిక్షణ కేంద్రం అడిగినది, మేం ఇవ్వనిది

నివేదిక తయారవుతుండగా కేంద్రం నుంచి ఒక మాట వచ్చింది. పేర్లతో జాబితా కావాలి, ఎవరికి ఎంత వచ్చిందో వరసగా, పైనుంచి తీసుకుంటాం అన్నారు. నేను ఇవ్వనన్నాను. ఆ వారమంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు, ఎందుకంటే బిల్లు ఇంకా రావాలి.

ఇవ్వకపోవడానికి మొదటి కారణం మాట. ప్రతి అరుగు మీదా "ఇది పరీక్ష కాదు అక్కా, మీ పేరు మీద మార్కులుండవు" అని చెప్పే ప్రశ్నలు మొదలుపెట్టాం. రెండో కారణం కొలత స్వభావం. పియాక్ వంటి సర్వేలో ఒక్కొక్కరికి మొత్తం ప్రశ్నల్లో కొన్ని మాత్రమే ఇస్తారు. వాటితో జనం మొత్తంలో నైపుణ్యం ఎట్లా ఉందో అంచనా కడతారు, ఫలానా మనిషికి ఇంత అని తేల్చరు. మెతుకు పట్టి చూసేది కుండలో అన్నం సంగతి తెలుసుకోవడానికి, ఆ మెతుక్కి మార్కు వేయడానికి కాదు. మేం ఇచ్చిన ఆరు పనులూ అంతే. ఆరు పనులు చూసి ఒక మనిషి ఉద్యోగం తేల్చే హక్కు నాకు లేదు.

చాలా వాదన జరిగింది. చివరికి ఊళ్ల వారీగా, పని వారీగా, రెండు గళ్లుగా నివేదిక ఇచ్చాం. కేంద్రం దాన్ని తీసుకుంది. రాత పరీక్షను చేరే ముందునుంచి తీసి, మొదటి వారం చివరికి జరిపింది. ఆ వారంలో టేపు రెండు వైపులూ, బండిల్ టికెట్ అక్షరాలూ నేర్పుతున్నారు. దీనివల్ల మానేసేవాళ్లు తగ్గారా అంటే చెప్పేంత కాలం గడవలేదు, పోల్చి చూడడానికి పాత రికార్డులు కూడా సరిగా లేవు.

ఒక లోటు ఒప్పుకోవాలి. మిత్తి, దడ్వాయి, చినిగిన టేపు పెట్టి కొలిచాం కాబట్టి మా ఫలితాన్ని ఇంకో రాష్ట్రంతోనో, ఇంకో దేశంతోనో పక్కన పెట్టి చూడలేం. అంతర్జాతీయ సర్వేలు అన్ని భాషల్లోనూ ఒకే ప్రశ్నను అంత కష్టపడి నిలబెట్టేది ఆ పోలిక కోసమే. భారతదేశం ఎప్పుడైనా పెద్దవాళ్ల నైపుణ్యాన్ని పని చేయించి కొలిచే జాతీయ సర్వే పెట్టుకుంటే, పోల్చడానికి వీలైన ప్రశ్నలు కొన్ని, ఆ నేలకు చెందిన ప్రశ్నలు కొన్ని ఉండాలని అడుగుతాను. తెలుగులో రాసే ప్రశ్నలను గీసుగొండ అరుగు మీద ఒకసారి చదివి వినిపించాకే అచ్చుకు పంపాలని కూడా.

నివేదిక ఇచ్చిన తర్వాత మిర్చి అక్క ఇంటికి వెళ్లాను. "ఇంతకు నేను పాసయిన్నా చెల్లె?" అంది తలుపు తీస్తూనే. మార్కుల్లేవని చెబితే ఒప్పుకోలేదు. సంచిలోంచి టేపు తీసి సెంటీమీటర్ల వైపు తిప్పి ఆమె చేతికిచ్చాను. దండెం మీది కొత్త జాకెట్ ముక్క తీసి, గడప మీద పరిచి, వేలితో అంకెలు ఒక్కొక్కటే దాటుకుంటూ పోయింది. వంద దగ్గర గుడ్డ అయిపోయింది. టేపు తిప్పి అంగుళాలు చూసింది, ముప్పై తొమ్మిది దాటి కొంచెం. మళ్లీ తిప్పింది.

"గీ వందేనా, షాపుల మీటరంటే?"